చిన్న ఉద్యోగం చేయనన్న షెరీఫ్

జోరు వాన. కొండగుహలో ఇద్దరు చలి కాచుకుంటున్నారు. తడిసి ముద్దయిన మనిషొకడు వచ్చి నిప్పు దగ్గర కూర్చుంటే కాఫీ ఇస్తారు. మాటల్లో సిల్వర్ స్ప్రింగ్స్‌లో జరిగిన హత్య సంగతి వస్తుంది. చేసినవాళ్లు దొరికారా అని అడిగితే, ఇద్దరు దొరికారంటాడు వచ్చినవాడు. ఆ తర్వాత మనకు కనిపించేది బయట వానలో నిలబడ్డ గుర్రాలే. తుపాకీ మోత మాత్రం వినిపిస్తుంది.

1956లో వచ్చిన హాలీవుడ్ వెస్టర్న్ (గుర్రాలు, తుపాకుల సినిమా) 'సెవెన్ మెన్ ఫ్రమ్ నౌ' ఇలా మొదలవుతుంది. దర్శకుడు బడ్ బెటికర్, రచయిత బర్ట్ కెన్నెడీ. నిర్మించింది జాన్ వేన్ కంపెనీ. తక్కువ బడ్జెట్, 78 నిమిషాల నిడివి. కాలిఫోర్నియాలో లోన్ పైన్ అనే ఊరి పక్కన అలబామా హిల్స్‌లో తీశారు. మౌంట్ విట్నీ చూడ్డానికి 395 హైవే మీద వెళ్లే ఇక్కడి మన తెలుగు కుటుంబాలకు ఆ రాళ్లగుట్టలు బాగా తెలుసు.

దీన్ని పగ సినిమా అంటారు. నేను ఒప్పుకోను. ఆ గుహలోకి తడిసి వచ్చినవాడు, రాండాల్ఫ్ స్కాట్ వేసిన బెన్ స్ట్రైడ్, ఒకప్పుడు సిల్వర్ స్ప్రింగ్స్‌ షెరీఫ్, అంటే జనం ఓటేసి ఎన్నుకునే పోలీసు అధికారి. ఎన్నికల్లో ఓడిపోయాడు. డిప్యూటీగా చేరమంటే, షెరీఫ్‌గా చేసినవాణ్ణి ఇంకొకడి కింద పనిచేయడమేంటని వద్దన్నాడు. ఇల్లు గడవడానికి భార్య డబ్బూ సరుకూ చేరవేసే వెల్స్ ఫార్గో కంపెనీ ఆఫీసులో పనికి చేరింది. ఏడుగురు దొంగలు ఆ ఆఫీసు మీద పడ్డప్పుడు చనిపోయింది. స్ట్రైడ్ ఆ ఏడుగురినీ వెతుకుతున్నాడు నిజమే, కానీ అతని లెక్కలో ఎనిమిదో ముద్దాయి కూడా ఉన్నాడు. అది తనే. స్కాట్ ఏడవడు, అరవడు. అరవైకి దగ్గరపడ్డ ఆ ముఖంలో బాధంతా దవడ దగ్గరే ఆగిపోతుంది.

ఈ కథ నన్ను ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం నా ఉద్యోగం పోయింది. రెండు మెట్లు కింది పని ఇస్తామన్నారు. నా కింద పనిచేసినవాళ్లకు రిపోర్ట్ చేయాలా అని వద్దన్నాను. వీసా టెన్షన్, ఇంటి లోను, అన్నీ నా భార్య మీద పడ్డాయి. తను ఒక్క మాట అనలేదు. మాకు ఏ ఘోరమూ జరగలేదు, అది మా అదృష్టం. కానీ స్ట్రైడ్ ఆ డిప్యూటీ పని సంగతి చెప్పే చోట నేను సినిమా ఆపేసి కాసేపు వేరే గదిలో కూర్చున్నాను. లేఆఫ్‌ల రోజుల్లో మన ఇళ్లలో ఎవరూ పైకి మాట్లాడని విషయం ఇది.

దారిలో స్ట్రైడ్‌కు ఓ జంట కలుస్తుంది. భర్త గ్రీర్ మెతక మనిషి. దొంగలు దోచిన బంగారం మీద కన్నేసి వెంట వస్తున్న మాస్టర్స్ (లీ మార్విన్) వాన కురిసే రాత్రి బండిలో కూర్చుని, భార్య ముందే అతన్ని మాటలతో పొడుస్తాడు. తుపాకీ తియ్యకుండానే భయపెట్టే సీను అది. అయితే చివరికి దొంగల సంగతి చెప్పడానికి ఒంటరిగా షెరీఫ్ ఆఫీసు వైపు నడిచి ప్రాణం పోగొట్టుకునేది ఆ గ్రీరే. ధైర్యం గురించి స్ట్రైడ్‌కు తెలియనిది ఆ మెతక మనిషికి తెలుసని నాకనిపిస్తుంది.

మాస్టర్స్‌తో ఆఖరి పోటీలో స్ట్రైడ్ తుపాకీ తీయడం మనకు చూపించరు. నమ్మలేనట్టు చూస్తున్న మార్విన్ ముఖమే చూస్తాం. కొందరికి అది బడ్జెట్ సరిపోక చేసినట్టు ఉంటుందేమో. నాకు మాత్రం అదే సరైన నిర్ణయం. ఈ మనిషి గెలిచినట్టు చూపిస్తే అబద్ధమయ్యేది.

మన సంఘం సినిమా రాత్రుల్లో ఒక్కసారైనా దీన్ని వేయాలని కోరుతున్నాను. భార్యాభర్తలు కలిసి రావాలి. పగ తీరిపోయాక స్ట్రైడ్ గ్రీర్ భార్యకు వీడ్కోలు చెప్తూ, సిల్వర్ స్ప్రింగ్స్‌కు తిరిగి వెళ్తున్నానంటాడు. అక్కడ డిప్యూటీగా చేరడానికి.