మాతృభాష గడి గారికి, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి

మహారాజశ్రీ అడ్మిషన్ ఫారం రెండో పేజీలో, బ్లడ్ గ్రూపుకి కిందా పుట్టుమచ్చలకి పైనా వేంచేసి ఉన్న మాతృభాష గడి గారి దివ్యసముఖానికి, ఆరో తరగతిలో చేరబోయే ఒక ఆడపిల్ల తల్లి నమస్కరించి రాసుకునే విన్నపం.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమే అనుకుంటాను. నిన్న చూశాను కదా, ఒంటి మీద ఎర్ర సిరా గీత తప్ప వేరే దెబ్బేమీ లేదు.

నన్ను మీరు గుర్తుపట్టే ఉంటారు. పదకొండింటి నుంచి నాలుగింటి దాకా రెండో కిటికీ ముందు నిలబడ్డదాన్ని. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో బర్త్ సర్టిఫికెట్, ఆధార్, రెసిడెన్స్ సర్టిఫికెట్, టీసీ, నాలుగు ఫోటోలు, అన్నిటికీ రెండేసి జిరాక్సులు. నా ముందు ఇరవై మంది. మధ్యలో కిటికీకి ఆకలేసి గంటన్నర మూసుకుంది. ఏప్రిల్ నెల, పైన రేకులు. ఇంటి దగ్గర మూడు పెళ్లి జాకెట్లు కత్తిరించి మిషను మీద పెట్టి వచ్చాను. పెళ్లిళ్ల సీజన్‌లో దర్జీదానికి ఒక మధ్యాహ్నం ఖరీదెంతో మీకు తెలియకపోతే, పై పేజీలో వార్షికాదాయం గడి గారున్నారు, అడగండి.

నా వంతు వచ్చింది. గుమస్తాగారు ఫారం తిరగేసి మీ దగ్గర ఆగారు. మీ పక్కన మూడు పేర్లు అచ్చువేసి ఉన్నాయి: ఒడియా, హిందీ, అన్యాన్య. ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. నేను మూడూ వదిలేసి మీ లోపల తెలుగు అని రాశాను. చదివేవాళ్లకి కష్టం కాకూడదని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాను.

"ఏఠి తెలుగు నాహిఁ," అన్నారాయన. ఇక్కడ తెలుగు లేదు. పచారీ కొట్టువాడు సగ్గుబియ్యం లేవన్నంత తేలిగ్గా. అని, ఎర్ర పెన్ను తీసి ఆ మాట మీద అడ్డంగా ఒక గీత కొట్టి, అన్యాన్యకి తనే టిక్కు పెట్టారు. పెట్టాక ఫారం కొంచెం దూరంగా పట్టుకుని చూసుకున్నారు. కొట్టివేతలున్న ఫారం చెల్లదట. యాభై రూపాయలిచ్చి కొత్తది కొనుక్కుని, నింపి, రేపు తెమ్మన్నారు. కొట్టింది ఎవరండీ అని అడగబోయాను. సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది.

"ఆఁ, చెప్పే. వచ్చెత్తన్నాను. ఏటీ, కొత్తిమీరా? తెత్తాను. పిల్లడు లెగిసినాడా?"

గడి గారూ, ఎంత కమ్మటి తెలుగనుకున్నారు! అచ్చం మా అత్తగారి తెలుగు. మా వీధి తెలుగు. అవతలి గొంతు కూడా కొంచెం వినిపించింది, నాకు తెలిసిన గొంతే. ఆయన ఫోను జేబులో వేసుకుని, నా వైపు తిరిగి, మళ్లీ కుర్చీలోకి వచ్చేసి, "కాలి ఆసంతు" అన్నారు. రేపు రండి. కిటికీ తలుపు పడింది. ఇక్కడ తెలుగు లేదని చెప్పిన నోట్లోనే తెలుగు ఉంది. ఇంకెక్కడ వెతకమంటారు?

అన్యాన్య. రాత్రంతా ఈ మాటే నమిలాను. ఒడియాలో 'ఇతరాలు' అని అర్థం. చివరి 'న్య' తీసి 'య' పెట్టి చదివి చూడండి, మీకే తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల్లో ఒడిశాలో తెలుగు మా భాష అని చెప్పుకున్నవాళ్లు 6 లక్షలు దాటారు. అంతమందిమి మీ పక్కన ఒక్క టిక్కులో మోకాళ్లు ముడుచుకుని సర్దుకోవాలన్నమాట.

ఇంటికొచ్చి ఫారం మిషను మీద పరిచి, మెళ్లో ఉన్న టేపుతో కొలిచాను. అలవాటు, ఏం చేస్తాం. వార్షికాదాయానికి నాలుగు అంగుళాలు. తండ్రి వృత్తికి మూడున్నర. కులానికి రెండున్నర, దాని కింద ఉపకులానికి మళ్లీ రెండు. మాతృభాషకి ముప్పావు అంగుళం. జాకెట్టు కాజాల పట్టీకి నేను అంతకంటే ఎక్కువ బట్ట వదులుతాను. (తల్లి వృత్తి అనే గడి అసలు లేనే లేదు. దానికి విడిగా ఇంకో ఉత్తరం రాస్తాను.)

సరే, చిన్నగా ఉన్నారు, పుట్టుక అలాంటిది, మిమ్మల్నని ఏం లాభం. నాకు అర్థం కానిది ఒక్కటే. అసలు అడగడం ఎందుకు? మీ పైనున్న బ్లడ్ గ్రూపు గారిని చూడండి. అక్కడ ఓ పాజిటివ్ అని రాస్తే, "మా దగ్గర ఓ లేదు, బి ఎక్కించేస్తాం" అని ఎవరూ అనరు. పుట్టుమచ్చ కుడి మోచేతి మీద అని రాస్తే, ఎర్ర పెన్నుతో కొట్టి ఎడమ మోచేతి మీదకి మార్చరు. మీ ఒక్కరి దగ్గరే ఈ మర్యాద.

మీ బళ్లో ఒకప్పుడు తెలుగు ఉండేది. నేను చదివింది అక్కడే. తెలుగు సారు ఉండేవారు. నా చేత వత్తులు దిద్దించింది ఆయనే. 'జ్ఞ' రాయడం రాకపోతే బోర్డు దగ్గర నిలబెట్టి పదిసార్లు రాయించారు, ఇప్పటికీ నా 'జ్ఞ' ముగ్గు వేసినట్టు వస్తుంది. ఆయన రిటైరైన రోజు దండ వేసి, శాలువా కప్పి, స్వీట్లు పంచారు. దండ ఆయనకి వేశారనుకున్నాం. పోస్టుకి వేశారని తరవాత తెలిసింది. కటక్ బోర్డు వారి పదో తరగతి పరీక్షలో తెలుగు మొదటి భాషగా రాసుకోవచ్చు, ఆ వీలు ఎవరూ తీసెయ్యలేదు. విస్తరి వేశారు, నీళ్లు చల్లారు, వడ్డించేవాడే రాడు.

మా మరిది లా చదివాడు. రాత్రి ఫోన్ చేసి వాడి చెవి తినేస్తే, రాజ్యాంగంలో 350-ఎ అని ఒక అధికరణం ఉందని చెప్పాడు. 1956లో చేర్చారట. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించడానికి ప్రయత్నించాలని. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఆగు వదినా, ప్రాథమిక దశలో అని ఉంది," అన్నాడు. అంటే ఐదో తరగతితో సరి. మాతృభాష పాలపళ్లలాంటిదని అనుకున్నట్టున్నారు పెద్దలు. పదేళ్లు దాటితే అదే ఊడిపోతుంది, బాధపడక్కర్లేదు.

వేరే బడి చూసుకోవచ్చు కదమ్మా అంటారు. చూడలేదనుకున్నారా? రెండు నెలలుగా సంబంధాలు వెతికినట్టు వెతుకుతున్నాను. నవోదయ రాయించాం, రాలేదు. టౌన్లో టై కట్టే ఇంగ్లీషు మీడియం బడికి వెళ్లాం. ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ అడ్మిషన్ కోసం వడపోయకూడదని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్‌లో ఉంది, తప్పితే మొదటిసారికి 25,000 దాకా జరిమానా. అందుకని వాళ్లు ఇంటర్వ్యూ అనరు, ఇంటరాక్షన్ అంటారు. ఇంటరాక్షన్‌లో మా పాప పాసైంది, నేను ఫెయిలయ్యాను. ఇంట్లో ఏం మాట్లాడతారని అడిగితే నిజం చెప్పేశాను. "పాపతో ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టండి మేడమ్," అన్నారు. తెలుగు సబ్జెక్టు ఏమైనా ఉందా అంటే నవ్వారు. సీబీఎస్ఈలో తెలుగు ఒకటి కాదు, రెండున్నాయి: ఆంధ్రా తెలుగు, తెలంగాణ తెలుగు. రెండిట్లో ఏదీ ఆ బళ్లో లేదు. మా పర్లాకిమిడి తెలుగు ఎలాగూ ఏ లిస్టులోనూ లేదు.

ఆటో ఎక్కితే ఆంధ్రాలో పాతపట్నం, అక్కడ అంతా తెలుగే, అని మా అత్తగారు. పుస్తకాలు చూశాను. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు, పరీక్షకి చదివేది ఇంగ్లీషు పక్క. పైగా అక్కడ చదివితే ఇక్కడ చిక్కు. ఒడిశాలో సర్కారు ఉద్యోగం కావాలంటే ఎం.ఇ. స్థాయి, అంటే మిడిల్ స్కూలు స్థాయి, ఒడియా పాసై ఉండాలి. పోనీ అటే ఉండిపోదామంటే, ఆంధ్రా ఇంజినీరింగ్ సీట్లకి లోకల్ అనిపించుకోవాలంటే ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్లు అక్కడే చదవాలి. పదకొండేళ్ల పిల్లకి ఏ రాష్ట్రంలో ముసలిదవ్వాలో ఇప్పుడే తేల్చమంటారు. నాకు టెన్షన్ వచ్చి ఆటో దిగిపోయాను.

ఒడియా అంటే నాకేం పగ లేదండీ, అది మీ గుమస్తాగారు తప్పుగా అనుకోకూడదు. మా పాప ఎక్కాలు ఒడియాలోనే చెబుతుంది. లెక్క తప్పితే మాత్రం "అయ్యబాబోయ్" అంటుంది. ఎక్కాలు బడివి, అయ్యబాబోయ్ మాది.

ఈ గొడవంతటిలో బడిని సరిగ్గా పరిశీలించింది అది ఒక్కతే. నేను ఫీజులూ రిజల్టులూ అడుగుతుంటే, వెళ్లిన ప్రతి చోటా చెయ్యి విడిపించుకుని వెనక్కి పరిగెత్తి ఆడపిల్లల బాత్రూమ్ చూసి వచ్చేది. ఒక బళ్లో నీళ్లు లేవు. టై బళ్లో తాళం వేసి ఉంది, తాళంచెవి ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గర ఉందట. మీ బళ్లో మూడుంటే రెండిటికి లోపల గడియ పడుతుంది. "అమ్మా, గడి సంగతి నువ్వు చూసుకో, గడియ నేను చూశాను. ఇదే బాగుంది," అంది. దాని తీర్పు అయిపోయింది. అందుకే మీ దగ్గరికి వచ్చాం. లేకపోతే మీ ముఖం ఎవరు చూసేవాళ్లు?

అయినా ఏ ఊళ్లో కూర్చుని తెలుగు లేదంటున్నారో మీకు కాస్తయినా తెలుసా? గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరండీ ఇది. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పండితులందరితో పోట్లాడిన మనిషి. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అని హైదరాబాదులోనూ విజయవాడలోనూ దండలు వేస్తారు. చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటే, వాళ్ల భాష తను నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటల్లోనే వాచకాలు రాశారు. ఎవరి పిల్లలకో ఎవరి భాషో! ఆయన్ని ఎవరూ ఫారం నింపమనలేదు. 1936లో ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయనకి రాజమండ్రి ఉంది. నాకు నెలకి పదిహేను వందల అద్దె ఇల్లూ, ఒక కుట్టుమిషనూ, ఇక్కడే పుట్టిన పిల్లా ఉన్నాయి. నేనెక్కడికి పోను?

నీకు నా భాషతో పనిలేదు. చెప్పేవాడిని పెట్టవు, పుస్తకం తెప్పించవు, గంటల పట్టికలో వారానికి ఒక్క పీరియడ్ ఇవ్వవు. మరి ఎందుకు అడుగుతావు? ఏమిటా వెక్కిరింపు? అన్నం పెట్టనివాడు తిన్నావా అని అడిగితే ఎలా ఉంటుందో తెలుసా? ఐదు గంటలు ఎండలో నిలబెట్టి, నా చేత రాయించుకుని, నా కళ్ల ముందే కొట్టేసి, కొట్టేసినందుకు నా దగ్గరే యాభై రూపాయలు గుంజుతావా? ఖాళీగా వదిలేద్దామన్నా ఒప్పుకోవు, నీ పక్కన చుక్క పెట్టుకున్నావు తప్పనిసరి అని. తప్పనిసరి ఎవరికి? నీకా, నాకా?

క్షమించాలి. నోరు జారింది. మీరు ముప్పావు అంగుళం మనిషి, మీ చేతిలో మాత్రం ఏముంది.

కొత్త ఫారం కొన్నాను. రాత్రి అన్నాలయ్యాక పాప చేత నింపించాను, దాని దస్తూరి నాకంటే బాగుంటుంది. మీ దగ్గరికి వచ్చేసరికి ఆగి, "ఏం రాయనమ్మా?" అంది. ఏం మాట్లాడతామో అదే రాయమన్నాను. మూడు పేర్లూ చదువుకుని, దేనికీ టిక్కు పెట్టకుండా, వాళ్ల నాన్నమ్మ నేర్పిన అక్షరాల్లో, తెలుగులోనే తెలుగు అని రాసింది. మీలో పట్టలేదు. 'తె' లోపల ఉంది, 'లు' గీత మీద ఎక్కింది, 'గు' వెళ్లి పుట్టుమచ్చల మీద వాలింది. కొట్టివేతలు మాత్రం ఒక్కటీ లేవు, రెండుసార్లు చూసుకున్నాను.

ఇవాళ పదిన్నరకి కిటికీ తెరుస్తారట. పెన్ను నేనే తెచ్చుకుంటాను. అక్కడ దారం కట్టి పెట్టిన పెన్ను రాయదు.

ఇట్లు,
తమ విధేయురాలు,
అన్యాన్య

తా.క.: ఈ ఉత్తరం గుమస్తాగారి కంట పడితే, వారికి ఒక్క మాట. అయ్యా, మీ ఆవిడ జాకెట్టు శుక్రవారానికి ఇస్తానన్నాను. మీ 'కాలి ఆసంతు' పుణ్యమా అని అది సోమవారానికి జరిగింది. మేనకోడలి పెళ్లేమో ఆదివారమట. ఆవిడకి నేను చెప్పలేను. మీరే చెప్పుకోండి, తెలుగులో.