పుట్టీ గారి దివ్య సముఖమునకు

కారు రేకు సొట్టల్ని నింపే ముద్ద, మహారాజశ్రీ బాడీ పుట్టీ గారి దివ్య సముఖమునకు, పాత మారుతి 800లను ఇంటి షెడ్డులో విప్పి బిగించుకునేవాళ్ళం నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ ఇక్కడ ఉభయులూ కుశలంగా లేరు. తమరు మాత్రం నున్నగా, నిగనిగలాడుతూ పెయింటు కింద హాయిగా ఉన్నారు. తమరి కింద ఉండాల్సిన రేకు ఎప్పుడో పొడైపోయి మ్యాటు మీద రాలుతోంది.

మారుతి 800 మొదటిది 1983 డిసెంబరులో గుర్‌గావ్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది, ఉత్పత్తి 2014 జనవరిలో ఆగింది. ఎంత కుర్ర బండైనా పదేళ్ళు దాటిందే. ఖాళీ బండి బరువు 650 కిలోలు అటూఇటూ. అందులో తమరి వాటా ఎంతో ఏ ఆర్‌సీలోనూ రాయరు. చదరపు మీటరు మేర 3 మిల్లీమీటర్ల మందాన తమరు కొలువు తీరితే మూడు లీటర్లు, అంటే ఐదు కిలోల పైమాటే. ఒక తలుపు, ఒక మడ్‌గార్డు, తలుపుల కిందుండే రెండు రన్నింగ్ బోర్డులు కలిపితే ఇంకో చిన్న ప్రయాణికుణ్ణి ఎక్కించుకున్నట్టే. పైగా టికెట్టు లేని ప్రయాణం.

తమరిని పట్టుకోవడం కష్టమేమీ కాదు. పల్చటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం చాలు. రేకు మీద టక్కున అతుక్కునేది తమరి మీద జారిపోతుంది. వేలి కణుపుతో కొడితే రేకు మోగుతుంది, తమరు గోడలా 'డబ్' మంటారు. మందం కొలిచే మీటరుంటే మరీ తేలిక. ఫ్యాక్టరీ పెయింటు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. మీటరు వెయ్యి దాటిందంటే అది పెయింటు కాదు, తమరి దర్బారు. అమ్మేవాడు మాత్రం "ఒరిజినల్ పెయింటండీ, గీత కూడా పడలేదు" అంటాడు. నిజమే, గీత పడటానికి అక్కడ రేకుంటే కదా.

తమరికి ఇష్టమైన విడిది గృహాలు మాకు కంఠతా వచ్చు. తలుపుల కింది అంచులు, వెనక చక్రాల ఆర్చీలు, రన్నింగ్ బోర్డులు, డిక్కీలో స్టెప్నీ పడుకునే గుంట, యాసిడ్ కారిన బ్యాటరీ ట్రే, రబ్బరు మ్యాటు కింద డ్రైవరు కాళ్ళుండే చోటు. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం బళ్ళలో ఉప్పుగాలి పుణ్యమా అని ఈ జాబితా ఇంకాస్త పెరుగుతుంది. వీటిలో చాలావాటికి ఒకే కథ. తుప్పు లోపలి వైపు పుట్టి బయటికొస్తుంది. పెయింటు మీద పొక్కు కనిపించేసరికి వెనకాల రేకు సగం తినేసి ఉంటుంది. పొక్కు గీకి, దానిమీద తమరిని రాస్తే లోపలి తడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అంతటితో ఆగుతారా? తలుపు అడుగున నీళ్ళు కారడానికి కంపెనీవాళ్ళు వదిలిన కన్నాల్లోకి కూడా జారి వాటిని పూడ్చేస్తారు. అద్దం పక్కనుంచి దిగిన వాన నీళ్ళు ఇక తలుపులోనే కాపురం. తుప్పుకి అద్దె లేని ఇల్లు కట్టించిన దాతలు తమరు!

తమరి కింద దొరికిన వస్తువుల పట్టీ వేరే ఉంది: న్యూస్‌పేపరు ఉండలు, కోళ్ళ జాలీ, ఎం-సీలు, తారు షీటు. రేకుకి చిల్లు పడితే కాగితం కుక్కి పైన తమరిని పూసి రంగు కొట్టడమన్నది మంత్రిగారి రాకకు ముందురోజు రోడ్డు గుంతలో కంకర పోయడానికి సొంత తమ్ముడు. తారీఖు చదవగలిగే స్థితిలో పేపరు దొరికితే బండికి ఆఖరి టింకరింగ్ (రేకు పని) ఎప్పుడయిందో కూడా తెలిసిపోతుంది. సర్వీసు పుస్తకం కన్నా అదే నమ్మకం.

అయినా ఇందులో తప్పు తమరొక్కరిదే అంటే పాపం. చేతకాని చేతుల్లో తమరు పడ్డ పాట్లూ చూస్తున్నాం. వంద గ్రాముల పుట్టీకి, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ రెండు గ్రాములన్నది లెక్క. మరీ చలైతే మూడు. కానీ తొందరున్నవాడు ట్యూబు పిండుతూనే ఉంటాడు. ఎర్రగా తిరిగితే గట్టిగా పడుతుందని వాడి నమ్మకం. అలా ఎక్కువైన హార్డ్‌నరు పెయింటు వేశాక కూడా ఊరుకోక పైకి ఊరుతుంది, తెల్లటి 800 మీద పసుపుపచ్చ మరక తేలుతుంది. ఇంకో రెండు కోట్లు కొట్టినా అది మళ్ళీ వస్తుంది. తక్కువైతే ఇంకో గోల. తమరు ఎప్పటికీ ఎండరు, గరుకు కాగితానికి జీడిలా అంటుకుంటారు. మే నెల విజయవాడ ఎండలో సరిగ్గా కలిపినా మూడు నాలుగు నిమిషాల్లో గిన్నెలోనే గడ్డకడతారు. అందుకే నిమ్మకాయంత ముద్ద మాత్రమే కలపాలి, అదీ నీడలో. గిలక్కొట్టినట్టు కలిపితే గాలి బుడగలు చేరి, తరవాత సూదిమొన కన్నాలవుతాయి. రేకు బ్లేడుతో పలకమీద ఒత్తి మడిచి కలపాలి.

ఇక నీళ్ళ సంగతి. తమరిలో సగానికి సగం టాల్కు పొడి, అది స్పాంజిలా తడిని లాగుతుంది. అది తెలిసీ వాటర్ పేపరు పట్టుకుని తమరిమీద బకెట్టు నీళ్ళు పోసేవాళ్ళున్నారు. లోపలికి దిగిన ఆ నీరు అడుగునున్న రేకుని పెయింటు కిందే తింటుంది, ఓ వానాకాలం గడిచేసరికి కొత్త పొక్కులు పుడతాయి. తమరిని పొడిగానే రుద్దాలి: 80 నంబరు గరుకు కాగితం, తరవాత 120, ఆపై 180. పైన టూ-కే సర్ఫేసరు (హార్డ్‌నర్ కలిపి పెయింటు కింద కొట్టే పూత) రెండు మూడు కోట్లు పడి పూర్తిగా ఆరాకే నీళ్ళ ముఖం చూపించాలి. ఆ సర్ఫేసరు హార్డ్‌నర్‌లో ఐసోసైనేటు అనే హానికర రసాయనం ఉంటుంది. ముక్కుకి జేబురుమాలు కట్టుకుని స్ప్రే చేస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, బయటినుంచి గాలి అందించే మాస్కు లేకపోతే ఆ పని పెయింటు కొట్టే షాపుకి వదిలెయ్యడం మేలు. తమరి దుమ్ముకైనా సరైన మాస్కు పెట్టుకోవాల్సిందే.

తమరు రాకముందు జరగాల్సిన పని మరొకటుంది, అది ఎవరికీ ఇష్టముండదు. తుప్పుని కొయ్యాలి. యాంగిల్ గ్రైండరుకి 1 మి.మీ. కటింగ్ వీలు బిగించి, మచ్చ చుట్టూ కాదు, రేకు తెల్లగా మెరిసేచోటు నుంచి ఇంకో అంగుళం అవతలికి కొయ్యాలి. బ్యాటరీ తీగలు విప్పాలి. పెట్రోలు ట్యాంకు దగ్గరైతే ట్యాంకే దించాలి. పక్కన తడి గోనెసంచి, మంటలార్పే సిలిండరు రెండూ ఉండాలి. రన్నింగ్ బోర్డు కోసేముందు తలుపు చట్రానికి అడ్డంగా కమ్మీ వెల్డు చేసి, చుట్టూ సందులు కొలిచి రాసుకోవాలి. ఇది మరిస్తే బాడీ నడుము వంగి, కొత్త బోర్డు బిగించాక తలుపు పడదు. అప్పుడు మళ్ళీ తమరినే పిలిచి సందు నింపమంటారు.

అతుకు రేకు పైభాగాలకు 0.8, ఫ్లోరుకి 1 మి.మీ. కోల్డ్ రోల్డ్ షీటు. వెల్డింగు షాపుల్లో ఇంటి కప్పుకి మిగిలిన జీఐ (జింకు పూత పూసిన రేకు) ముక్క చేతికిస్తారు. దాని జింకు పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం ఖాయం. మామూలు ఆర్క్ రాడ్డుతో 0.8 రేకు ముట్టుకుంటే అతుకు పడదు, ఇంకో చిల్లు పడుతుంది. మిగ్ మిషనుతో (తీగని తానే అందించే వెల్డింగు మిషను), 0.6 లేదా 0.8 మి.మీ. తీగతో, ఒక చుక్క ఇక్కడ, మరొకటి అటు చివర, చుక్కకీ చుక్కకీ అంగుళం దూరంలో. చెయ్యి పెడితే కాలనంత చల్లారాక మధ్యలో ఇంకోటి. ఒకే వరసలో గీత లాగేస్తే రేకు వేడికి అప్పడంలా ముడుచుకుంటుంది. వెల్డు గ్రైండు చేశాక తుప్పు పట్టకుండా ఎపాక్సీ ప్రైమరు, అంచులకి నీళ్ళు దిగకుండా సీమ్ సీలెంటు, లోపలి గుహల్లోకి మైనం. తుప్పు మార్చే ఫాస్ఫారిక్ యాసిడ్ పూస్తే డబ్బా మీద చెప్పినట్టు కడిగి ఆరబెట్టాలి. లేకపోతే దానిమీద ఎపాక్సీ పట్టదు.

మోడిఫికేషను మోజులో తమరి ఆగడాలు ఇంకో మెట్టు పైన. 13 అంగుళాల వెడల్పు అల్లాయిలు వేసి స్ప్రింగులు దించితే టైరు ఆర్చీకి రాస్తుంది. అప్పుడు ఆర్చీ లోపలి అంచుని మడుస్తారు. అక్కడ తమరుంటే పెంకులా పగిలి ఊడిపోతారు, లేకపోయినా కంపెనీ వేసిన సీలెంటు చిట్లి నీళ్ళకి దారి దొరుకుతుంది. కొందరైతే ఆర్చీనే జాలీ మీద తమరితో పోత పోస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద కంపెనీ లెక్కకి భిన్నంగా మార్పులు చేయకూడదన్నది ఎలాగూ ఉంది. పదిహేనేళ్ళకి ఆర్‌సీ రెన్యువలుకి బండి ఇన్‌స్పెక్టరు ముందు నిలబడినప్పుడు తమరి శిల్పకళ గురించి మాట్లాడాల్సింది తమరు కాదు, ఓనరు.

కాబట్టి తమకు కొత్త సర్వీసు రూల్సు పంపుతున్నాం. సుత్తి, డాలీలతో (రేకు వెనక పట్టే ఇనుప దిమ్మెలు) రేకు సర్దాక మిగిలిన సొట్టలో, ఎపాక్సీ మీద, రెండు మిల్లీమీటర్లు దాటకుండా తమరికి ఉద్యోగం ఖాయం. ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్సార్బరు ఉండే స్తంభం) బిగించే లోపలి రేకు ఏప్రాన్, సీటు బోల్టులు, సీటు బెల్టు బిగించే లంగరు, జాకీ పెట్టే చోట్లలో తమకు ప్రవేశం లేదు. స్ట్రట్ పైభాగం తుప్పు పట్టి జరిగితే చక్రం వాలిపోయి టైరు ఓపక్కే అరుగుతుంది, అలైన్‌మెంటు ఎన్నిసార్లు చేయించినా నిలవదు. అక్కడ తమరు దొరికితే ఉద్యోగం ఊడగొట్టడం కాదు, గ్రైండరుతోనే సమాధానం.

ఇట్లు,
తమ విధేయులు,
పాత 800 షెడ్డువాళ్ళు

తా.క.: వచ్చే ఆదివారం ఎడమవైపు వెనక ఆర్చీ విప్పుతున్నాం. అయస్కాంతం ఇప్పటికే రెండుసార్లు జారిపోయింది.