షెడ్యూల్ నంబరు ఇంటి నంబరు కాదండీ

ఇంగ్లండ్ పల్లెల్లో పాత ఇంటి చరిత్ర తీయడానికి జనాభా లెక్కల పత్రాలు చాలని వ్యాసంలో రాశారు. చాలవండి. 1851 నుంచి పేజీలో ఎడమ చివర ఉండేది షెడ్యూల్ (ఒక్కో కుటుంబానికి ఇచ్చిన ఫారం) వరుస సంఖ్య. దాన్నే ఇంటి నంబరనుకుంటే పక్కింటివాళ్ల వివరాలు మన ఇంటికి ఎక్కేస్తాయి. 1841లో పదిహేనేళ్లు దాటినవారి వయసు చాలావరకు 5 గుణిజానికి తగ్గించి రాశారు, 39 అయితే 35 అని. 1931వి 1942లో కాలిపోయాయి.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే, 1836 చట్టం తర్వాత చర్చి పన్ను కోసం గీసిన టైథ్ మ్యాపులు చూడాలి. స్థలం మీది నంబరు పట్టుకుని జత జాబితాలో వెతికితే యజమాని, కౌలుదారు, చాలాచోట్ల చేను పేరు కూడా దొరుకుతాయి. ఆ చేల పేర్లే అసలు నిధి! విస్తీర్ణం మాత్రం ఎకరాలు, రూడ్లు, పెర్చీలు: ఎకరానికి 4 రూడ్లు, రూడుకు 40 పెర్చీలు. దశాంశాలుగా చదవకండి.