సవరణ: కడుపులో బిడ్డ గుండె చుట్టూ నీరు
‘గర్భస్థ శిశువు గుండె చుట్టూ నీరు కనిపిస్తే అది గుండె జబ్బే’ అని గత పోస్టులో ఉంది. ఆ వాక్యాన్ని తొలగించాం. 2 మిల్లీమీటర్ల లోపు పలుచని నీటిపొర మామూలే. కాస్త ఎక్కువున్నా, మిగతావన్నీ సవ్యంగా ఉంటే చాలాసార్లు దానంతట అదే తగ్గుతుంది. దేవరకొండ, అచ్చంపేటల్లో స్కానింగ్ రిపోర్టు చూసి దిగులుపడుతున్న తల్లులకు ముందుగా ఈ మాట చేరాలి.

నీరు పొట్టలోనో, ఊపిరితిత్తుల చుట్టూనో, చర్మం కిందో కూడా చేరితే మాత్రం ఆలస్యం ప్రమాదకరం. గుండె నిర్మాణ లోపం, లయ తప్పడం, పార్వోవైరస్ వంటి ఇన్ఫెక్షన్, క్రోమోజోముల తేడా, తల్లీబిడ్డల ఆర్‌హెచ్ (రక్తం గ్రూపులోని పాజిటివ్, నెగటివ్ తేడా) పొసగక శిశువుకు వచ్చే రక్తహీనత: వీటిలో కారణం ఏదన్నదాన్ని బట్టే బిడ్డ పరిస్థితి ఉంటుంది. తీవ్ర రక్తహీనతకు కడుపులో ఉండగానే రక్తం ఎక్కించే వీలుంది. అందుకే ఫీటల్ ఎకో (కడుపులోని బిడ్డ గుండెను చూసే ప్రత్యేక స్కానింగ్) చేయించకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి.