ఎద్దు అట్ల నడవదు

నల్లగొండలో మా ఇంటి డాబా మీద ఆదివారం పూట పిల్లలకు బొమ్మలు నేర్పిస్తుంటాను. పన్నెండు మంది దాకా వస్తారు. పోయిన నెల ఒకరోజు, "మీ ఊళ్లో రోజూ కనిపించేది ఏదైనా సరే, నడుస్తున్నట్టు వేయండి" అన్నాను. తిప్పర్తి వైపు నుంచి వచ్చే ఐదో తరగతి పిల్లాడు ఎద్దును వేశాడు. చెయ్యి మంచిగుంది, కొలతలు కుదిరాయి. కాళ్లు మాత్రం కత్తెర తెరిచినట్టున్నాయి. ముందు కాళ్లు అటొకటి ఇటొకటి, వెనక కాళ్లు కూడా అచ్చం అట్లనే. మెడ నిటారుగా కట్టెలా ఉంది. గంగడోలు లేనే లేదు. మూపురం మీద మాత్రం తెల్లటి మెరుపు చుక్క పెట్టాడు, టీవీ బొమ్మల్లో పెట్టినట్టు.

"మీ ఇంట్ల ఎద్దులున్నయా?" అని అడిగాను.

"ఉన్నయి సార్, రెండు. మా తాతయి."

"మరి ఇది యాడ చూసి వేసినవ్?"

ఒక కార్టూన్ పేరు చెప్పాడు.

ఇంట్లో రెండు ఎద్దులున్న పిల్లాడు ఎద్దు నడకను టీవీ చూసి నేర్చుకున్నాడు. టీవీలో ఉన్నది అసలు ఎద్దు నడకే కాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అట్లాంటి ఎద్దులను పన్నెండేళ్లు నేనూ నడిపించాను. పోస్టు పొడుగైంది, ఓపికగా చదవండి.

ముందు ఎద్దు ఎలా నడుస్తుందో చెప్తాను. ఒక వైపు వెనక కాలు లేస్తుంది. అది ముందు గిట్ట దగ్గరికి వస్తుండగా ఆ వైపు ముందు కాలు లేచి దానికి చోటిస్తుంది. తర్వాత రెండో వైపు వెనక కాలు, ఆ వెంట ఆ వైపు ముందు కాలు. నాలుగు గిట్టలూ నాలుగు వేర్వేరు క్షణాల్లో నేల మీద పడతాయి. అడుగు పడ్డప్పుడల్లా తల కొంచెం కిందికి వంగి లేస్తుంది. మెడ ఆగిపోయినా గంగడోలు ఇంకా ఊగుతూనే ఉంటుంది. మెడ మీద కాడి ఉంటే ఒక నడక, కాడి దించితే ఇంకో నడక. పొద్దున చెల్కకు పోయేటప్పుడు ఉన్న అడుగు, పొద్దుగూకి ఇంటికి మళ్లేటప్పుడు ఉండదు. పల్లెలో పుట్టినవాళ్లెవరికీ దీన్ని ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేదు. కళ్లు చూసి పెట్టుకున్న విషయం ఇది.

నేను 2004 నుంచి 2016 దాకా హైదరాబాద్‌లో యానిమేషన్ స్టూడియోల్లో పనిచేశాను. మొదట ఇన్‌బిట్వీనర్‌ని. పెద్ద ఆర్టిస్ట్ ఒక కదలికలో ముఖ్యమైన బొమ్మలు వేసిస్తాడు, వాటి మధ్యలో రావాల్సిన బొమ్మలు మేం వేయాలి. గాజు కింద ట్యూబ్‌లైట్ వెలిగే బల్ల, కాగితాలకు మూడు రంధ్రాలు, వాటిని పట్టి ఉంచే పెగ్ బార్. నాలుగైదు కాగితాలు వేళ్ల సందుల్లో పెట్టుకుని తిప్పుతూ చూస్తుంటే బొమ్మ కదిలేది. మొదటిసారి నేను వేసిన చెయ్యి అలా లేచినప్పుడు ఒళ్లు జలదరించింది. ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు.

లెక్క కూడా చెప్పాలి. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. 22 నిమిషాల ఎపిసోడ్‌కు ఆ లెక్కన 15,840 బొమ్మలు. వారం వారం కొత్త ఎపిసోడ్ కావాలనే టీవీకి ఇది ఎంత భారమో ఆ బల్ల ముందు కూర్చున్నవాళ్లకు తెలుసు.

తర్వాత కంప్యూటర్‌లో బొమ్మలు ఆడించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, ముందు ఫ్లాష్, ఆ వెంట టూన్ బూమ్. మనిషి బొమ్మను ముక్కలు చేస్తారు. తల, మెడ, జబ్బ, మోచెయ్యి, అరచెయ్యి, తొడ, పిక్క, పాదం దేనికదే. కీళ్ల దగ్గర అతికించి రిగ్ తయారు చేస్తారు. మొదటి భంగిమ, చివరి భంగిమ మనం పెడితే మధ్యలోవి కంప్యూటరే నింపుతుంది. మాటకు తగ్గట్టు పెదవులు ఆడించడానికి ఏడెనిమిది నోళ్లు ముందే వేసిపెడతారు. ఒకసారి చేసిన నడక లైబ్రరీలో ఉంటుంది, ఎవరికి కావాలంటే వారికి తగిలించొచ్చు.

నేను సాఫ్ట్‌వేర్‌కు వ్యతిరేకిని కాదు. ఈ మాట ముందే గట్టిగా చెప్తున్నా, కామెంట్లలో ఆ తగువు వద్దు. వెనకటి పద్ధతిలో ప్రతి బొమ్మనూ పారదర్శకమైన సెల్యులాయిడ్ షీట్ మీదికి ఎక్కించి, వెనకవైపు నుంచి రంగు పూసి, ఆరబెట్టి, ఒక్కోటి కెమెరా కింద పెట్టి ఫొటో తీసేవాళ్లు. దుమ్ము పడితే మళ్లీ, వేలిముద్ర పడితే మళ్లీ. డిస్నీ వాళ్లు 1990 నాటికే ఒక పూర్తి సినిమాకు కంప్యూటర్‌లో రంగులు వేశారు. జపాన్‌లో 1969 నుంచి వస్తున్న సజాయె-సాన్ అనే టీవీ కార్టూన్ ఒక్కటే 2013 దాకా సెల్యులాయిడ్‌ను వదలలేదు, ఆ తర్వాత అదీ వదిలేసింది. ఆ రంగుల చాకిరీ పోయినందుకు నాకు రవ్వంత బాధ లేదు.

మాది చేనేత ఇల్లు, సంస్థాన్ నారాయణపురం దగ్గర. మా అమ్మ ఆసు పోసేది. చిటికి కట్టే (రంగు అంటకుండా దారానికి ముడులు వేసే) ముందు పట్టుదారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ తిప్పడమే ఆసు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. రాత్రిళ్లు అమ్మ భుజానికి జండూబామ్ రాయడం నా వంతు. అప్పటి మన నల్లగొండ జిల్లాలోని ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ లక్ష్మి గారి అవస్థ చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేశారు. దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో మల్లేశం గారికి పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వచ్చాక మా అమ్మ చెయ్యి బతికింది. కానీ చీర మీద ఏ పువ్వు రావాలో, ఏ దారానికి ఎక్కడ ముడి పడాలో ఆ యంత్రం చెప్పదు. గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ లెక్క చూసేది మనిషే. ఆసు దగ్గర మిగిలిన గంటలు మా ఇంట్లో డిజైన్‌కు పోయాయి. అంతకుముందు వేయలేని డిజైన్లు అమ్మానాయిన వేశారు.

మా స్టూడియోల్లో మాత్రం మిగిలిన గంటలు బొమ్మకు పోలేదు. నా కోపమంతా దీని మీదే. చేత్తో వేసేటప్పుడు ఒక మనిషి రోజుకు కొద్ది సెకన్ల పని చేసేవాడు. ఫ్లాష్ వచ్చాక ఆ సెకన్ల టార్గెట్ పెరిగింది, మళ్లీ పెరిగింది. చేతికి తీరిక వచ్చిందనుకుంటే ఆలోచనకు కూడా టైం లేకుండా పోయింది. రేటు తగ్గించి పని తెచ్చుకోవడం, తగ్గిన రేటుకు సరిపోయేలా మమ్మల్ని ఉరికించడం. సాఫ్ట్‌వేర్ ఆదా చేసిన టైంలో ఆర్టిస్ట్‌కు ఒక్క గంట కూడా దక్కలేదు.

ఒక సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఒక సీరియల్‌లో పల్లెటూరి ముసలమ్మ బిందె పట్టుకుని నడిచే సీన్ నాకు వచ్చింది. ఏడు సెకన్లు. మా నాయనమ్మది మర్రిగూడ వైపు ఊరు. ఆ నీళ్లు తాగి తాగి ఫ్లోరైడ్‌తో ఆమె నడుం వంగిపోయింది, మోకాళ్లు సాగేవి కావు. ఒక చెయ్యి తొడ మీద వేసి, ఒళ్లంతా ఒక పక్కకు తోసి, ఆ ఊపుతో కాలును ముందుకు తెచ్చుకునేది. రెండడుగులు వేశాక ఆగేది. వాకిట్లో ఆ చప్పుడు వినగానే నాయనమ్మ వస్తోందని చిన్నపిల్లలం లేచి కూర్చునేవాళ్లం. ముసలమ్మ అనగానే నాకు ఆ నడకే తెలుసు. రెండు రోజులు కూర్చుని కొత్త బొమ్మలు వేసి ఆ నడక తెచ్చాను.

సూపర్‌వైజర్ చూశాడు. "మంచిగనే ఉంది తమ్ముడూ, కానీ రెండు రోజులా? లైబ్రరీలో ముసలోళ్ల వాక్ ఉంది కదా, తగిలించు" అన్నాడు. తగిలించాను. అది పిల్లాడి నడకే, వేగం తగ్గించి వీపు కొంచెం వంచారంతే. మోకాళ్లు సాఫీగా మడుస్తూ, బిందెలో నీళ్ల బరువే తెలియనట్టు ఆమె తెర మీద సాగిపోయింది. అదే టీవీలో వచ్చింది. ఇంట్లో అందరూ కూర్చుని చూశారు. నాయనమ్మ అప్పటికే లేదు. ఉండి చూసి ఉంటే నేను తలెత్తలేకపోయేవాణ్ని.

ఆ సూపర్‌వైజర్‌ను తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన నెత్తి మీద కూడా డెడ్‌లైన్ ఉంది. కానీ ఆ ఏడు సెకన్లలో పోయింది నా రెండు రోజుల కష్టం ఒక్కటే కాదు. ఈ ప్రాంతంలో వేలమంది ముసలివాళ్లు నడిచిన నడక అది. దాన్ని తెర మీద చూపించే వీలు ఒకసారి చేతికి వచ్చి, జారిపోయింది.

"పిల్లలకేం తెలుస్తది" అనే మాట స్టూడియోలో రోజుకు పదిసార్లు వినేవాణ్ని. తల్లిదండ్రులు కూడా ఇప్పుడు అదే అంటున్నారు. పిల్లలకు తెలుస్తుంది. తెలియడమే కాదు, అంటుకుంటుంది. తిప్పర్తి పిల్లాడి కాగితమే దానికి సాక్ష్యం. పెద్దవాళ్లు చెడ్డ బొమ్మ చూస్తే చూసి వదిలేస్తారు. పిల్లలు దాన్నే నిజమనుకుని వేయడం నేర్చుకుంటారు.

పొదుపు అనేది కంప్యూటర్‌తో పుట్టిందేం కాదు. టామ్ అండ్ జెర్రీ చేసిన హన్నా, బార్బెరాలు 1957లో ఎంజీఎం స్టూడియో తమ కార్టూన్ విభాగం మూసేశాక టీవీకి వచ్చారు. అక్కడ డబ్బు తక్కువ, టైం తక్కువ. 1958లో వాళ్లు తెచ్చిన యోగి బేర్ అనే ఎలుగుబంటి మెడలో కాలర్, టై గుర్తున్నాయా? అవి సోకు కోసం పెట్టినవి కావు. కాలర్ గీత దగ్గర తలను ఒంటి నుంచి విడదీస్తే, ఒళ్లు అట్లనే ఉంచి తల ఒక్కటే మార్చి వేయొచ్చు. అదీ రిగ్గింగే, కాకపోతే పెన్సిల్‌తో. కానీ ఆ కొద్ది బొమ్మల్ని ఎక్కడ పెట్టాలో వాళ్లకు తెలుసు, ఎందుకంటే అంతకుముందు ఇరవై ఏళ్లు నిండు బొమ్మలు వేసిన చేతులవి. మా దగ్గర నిండు బొమ్మ ఒక్కటీ వేయకుండానే నేరుగా రిగ్ ముందు కూర్చునే పిల్లలు వస్తున్నారు. కోర్సు పేరుతో లక్షలు కట్టించుకుని సాఫ్ట్‌వేర్ బటన్లు నేర్పి పంపుతున్నారు. మనిషి బరువు ఏ కాలి మీద ఉందో చూడడం ఎవరూ నేర్పడం లేదు.

అదే సాఫ్ట్‌వేర్ మంచి చేతుల్లో ఏం చేస్తుందో చూడండి. టూన్జ్ అనే ఇటలీ సాఫ్ట్‌వేర్‌ను జపాన్‌లో గిబ్లీ స్టూడియో వాళ్లు 1990లలోనే తీసుకున్నారు. బొమ్మలు మాత్రం కాగితం మీద చేత్తోనే వేశారు, రంగులకూ కూర్పుకూ కంప్యూటర్‌ను వాడుకున్నారు. చాకిరీ యంత్రానికి, చూపు మనిషికి. మా అమ్మ ఆసు లెక్కే. ఆ టూన్జ్‌నే 2016లో ఓపెన్‌టూన్జ్ పేరుతో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. నా పాత లాప్‌టాప్‌లో అదే ఉంది, మా పిల్లలు దాని మీదే నేర్చుకుంటున్నారు.

ఇంకోటి. లాత్వియా అనే దేశం మొత్తం జనాభా 20 లక్షల లోపు. 2011 లెక్కల ప్రకారం మన ఉమ్మడి నల్లగొండ జిల్లా ఒక్కటే 34 లక్షలు దాటింది. ఆ చిన్న దేశపు దర్శకుడు ఫ్రాన్స్, బెల్జియం వాళ్లతో కలిసి, పైసా కట్టనక్కర్లేని బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో 'ఫ్లో' అని మాటల్లేని సినిమా తీశాడు. 2025లో ఆస్కార్ గెలిచింది. అందులో పిల్లి అచ్చం పిల్లిలాగే ఒళ్లు విరుస్తుంది, పిల్లిలాగే బెదురుతుంది. బొమ్మల మెరుపులో పెద్ద కంపెనీల సినిమాలకు అది సాటి రాదు. పిల్లిని చూసినవాళ్లు తీశారని మాత్రం మొదటి నిమిషంలోనే తెలుస్తుంది.

మనకు చేతకాదా? 2001లో హైదరాబాద్‌లో మొదలైన గ్రీన్ గోల్డ్ 2008లో ఛోటా భీమ్‌ను తెచ్చింది. ధోవతి కట్టి లడ్డూలు తినే మన పిల్లాడు దేశమంతా ఇంటింటికీ వెళ్లాడు. అంతకుముందు టీవీ పెడితే ఎక్కువగా బయటి దేశాల బొమ్మలే. ఆ దారి వేసింది మన ఊరే, ఆ సంగతి నేను గర్వంగా చెప్పుకుంటాను. ఆ దారిలో ఇప్పుడు పాలమూరు పిల్లలు, మన పిల్లలు ఎందరో పనిచేస్తున్నారు. వాళ్ల కళ్లలో ఎన్ని నడకలున్నాయో నాకు తెలుసు. నెత్తిన మూటతో బొంబాయి బస్సు ఎక్కే పాలమూరు మనిషి నడక, ఒకప్పుడు పాలమూరు పిల్లలమర్రి చెట్టు ఊడలు పట్టుకుని వేలాడిన పిల్లల ఊపు, మగ్గం గుంతలో తొక్కుడు చెక్క మీద ఆడే కాలు. ఇవి ఏ లైబ్రరీలోనూ దొరకవు.

స్టూడియోలు నడిపేవాళ్లు ఈ పోస్టు చూస్తే ఒక్కటే అడుగుతున్నా. ఎపిసోడ్ అంతా చేత్తో వేయమనడం లేదు, అది కాని పని. ఎపిసోడ్‌కు ఒక్క సీన్, పదంటే పది సెకన్లు, లైబ్రరీ ముట్టకుండా చేయనివ్వండి. ఆ సీన్ చేసే మనిషిని ఒక పూట బయటికి పంపండి, చూసి రమ్మనండి. సాఫ్ట్‌వేర్ మీకు మిగిల్చిన టైంలో అది ఎన్నో వంతు?

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పిల్లాడు టీవీ చూస్తే చూడనివ్వండి. టీవీ కట్టేశాక ఒక్కసారి వాడిని బయటికి తీసుకపోయి, అదే జంతువునో మనిషినో చూపించండి.

నేను అదే చేశాను. తర్వాతి ఆదివారం ఆ పిల్లాడిని, ఇంకో ఐదుగురిని పానగల్లు తీసుకెళ్లాను. ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా కదలకుండా ఉండే నీడ చూపించి, అక్కడి నుంచి చెరువు కట్ట మీద కూర్చోబెట్టాను. చాలాసేపు ట్రాక్టర్లే పోయాయి. నాలుగున్నరకు ఒక ముసలాయన జత ఎద్దులను తోలుకుని వచ్చాడు. ఎవరూ బొమ్మ వేయొద్దు, ఊరికే చూడండి అన్నాను. ఎద్దులు మా ముందు నుంచి దాటి మలుపు తిరిగేదాకా పిల్లలు కిక్కురుమనలేదు. అప్పుడు ఆ పిల్లాడు నా చెయ్యి గుంజి, "సార్, ముందుగాల ఎనక కాలు లేస్తది సార్" అన్నాడు.

కాసేపాగి, "మెడ కింది తోలు ఆలిస్యంగ ఊగుతది" అన్నాడు.

ఇప్పుడు వాడు ఎద్దు నడకకు పన్నెండు బొమ్మలు వేస్తున్నాడు, కాగితం మీద, పెన్సిల్‌తో. అవి పూర్తయ్యాక ఓపెన్‌టూన్జ్‌లోకి ఎక్కిస్తాం. ఎనిమిది అయ్యాయి. ఆరోది రెండుసార్లు చెరిపేశాడు, గిట్ట నేల మీద బరువుగా ఆనినట్టు లేదని. మిగతా నాలుగు ఈ ఆదివారం.