స్త్రీల సంగీత ఉద్యమం లిలిత్ ఫేర్‌తో పుట్టలేదు

"1997లో గాయని సారా మెక్‌లాక్లన్ లిలిత్ ఫేర్ అనే గాయనుల కచేరీ యాత్ర పెట్టాకే అమెరికాలో స్త్రీల సంగీతం ఉద్యమమైంది. అంతకుముందు ఆడవాళ్లకు వేదికే లేదు" అనే మాట తెగ షేర్ అవుతోంది. అదంతా గాయనుల గొడవేనని, అందులో స్త్రీలందరికీ చోటుండేదని కూడా కలిపి చెబుతున్నారు. మూడు మాటలూ తప్పే.

తేదీల సంగతి తేలిగ్గానే తేలుతుంది. వాషింగ్టన్‌లో కొందరు స్త్రీలు ఒలీవియా రికార్డ్స్ అనే రికార్డుల కంపెనీ పెట్టింది 1973లో. ఇలినాయ్‌లో జాతీయ స్త్రీల సంగీతోత్సవం 1974లో, మిషిగన్‌లో అలాంటిదే మరో స్త్రీల సంగీతోత్సవం 1976లో మొదలయ్యాయి. లిలిత్ ఫేర్ ఘనత వేరే ఉంది. ఇద్దరు గాయనులను వరుసగా వినిపిస్తే జనం రారన్న రేడియోవాళ్ల, ప్రమోటర్ల నమ్మకాన్ని అది టికెట్ల అమ్మకాలతోనే పటాపంచలు చేసింది.

"గాయనుల గొడవే" అన్న మాట అసలు పనినే చెరిపేస్తుంది. పాడే ఆడవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. రికార్డింగ్, మిక్సింగ్, ఒప్పందాలు, పంపిణీ, లైట్లు మాత్రం మగవాళ్ల చేతుల్లో ఉండేవి. ఒలీవియా ఆ పనులన్నీ స్త్రీలకు నేర్పాలనుకుంది. తొలి చిన్న రికార్డుకు ఒకవైపు గాయని మెగ్ క్రిస్టియన్, మరోవైపు గాయని క్రిస్ విలియమ్సన్ పాడారు. దాన్ని పోస్టులో అమ్మి, వచ్చిన డబ్బుతో మెగ్ ఆల్బమ్ చేశారు. పంపిణీకి ఊరూరా స్త్రీలే పూనుకున్నారు. పెట్టెలు కార్లలో వేసుకుని పుస్తకాల షాపులకు, కచేరీ హాళ్లకు మోశారు. చిన్న కంపెనీని దెబ్బతీసేది ఇక్కడే: రికార్డులు అచ్చేసే ఫ్యాక్టరీ డబ్బు ముందే అడుగుతుంది, షాపువాడు అమ్ముడయ్యాక ఇస్తాడు, మిగిలినవి తిప్పి పంపుతాడు. అంటే రికార్డు బాగా ఆడినా తర్వాతి విడతకు చేతిలో డబ్బుండదు. పోస్టులో నేరుగా అమ్మితే డబ్బు వెంటనే అందేది.

కచేరీల్లోనూ అంతే. 1975లో వాషింగ్టన్‌లో మొదలైన ఉమన్ సౌండ్ అనే సంస్థలో సౌండ్ పని స్త్రీలదే. చాలాచోట్ల పిల్లల్ని చూసుకునే ఏర్పాటు, సంజ్ఞా భాషలో అనువాదం, స్తోమతను బట్టి టికెట్ ధర ఉండేవి. మిషిగన్‌లో వేదికలు కట్టింది, కరెంటు వైర్లు లాగింది, ఆఖర్న అన్నీ విప్పింది స్త్రీలే. వచ్చినవాళ్లు కూడా వంటశాలలోనో, పిల్లల దగ్గరో వంతులవారీగా పనిచేసేవారు.

ఇక అందరికీ చోటుందన్న మాట. సంగీతకారిణులు లిండా టిల్లరీ, మేరీ వాట్కిన్స్, గ్వెన్ ఏవరీ, కవయిత్రి పాట్ పార్కర్ 1978లో నల్లజాతి స్త్రీల కచేరీ యాత్ర చేశారు. అలాంటి ప్రత్యేక యాత్ర అవసరమైందంటేనే ఉద్యమంలో తెల్లవాళ్ల ఆధిక్యం ఎంతో తెలుస్తుంది. ఒలీవియా సౌండ్ ఇంజినీర్ శాండీ స్టోన్ ట్రాన్స్ మహిళ. ఆమెను తీసేయాలని బయటనుంచి ఒత్తిడి వచ్చింది. సహచరులు అండగా నిలిచారు. అయినా ఒలీవియా రికార్డులను బహిష్కరిస్తామన్న బెదిరింపుల మధ్య ఆమే తప్పుకున్నారు. మిషిగన్ ఉత్సవం ట్రాన్స్ మహిళలు రాకూడదన్న పట్టు విడవలేదు. 1990ల్లో దాని గేటు ఎదుటే నిరసన శిబిరం వెలిసింది. ఆ తగువు తీరకుండానే ఉత్సవం 2015తో ఆగిపోయింది.