జిప్పు కవరు మీద గీత ఎవరిది?

జిప్పు కవరు మూతి మీద సన్నటి రంగు గీత ఒకటి కనిపిస్తుంది. ఆ గీత తనదేనని మినీగ్రిప్ అనే అమెరికా కంపెనీ ట్రేడ్‌మార్కు రిజిస్టరు చేయించుకుంది. దాన్నీ, తన పేటెంటునూ అతిక్రమించే కవర్లను ఎవరు పంపినా దేశంలోకి రానివ్వొద్దని 1988లో అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ చేత ఉత్తర్వు కూడా వేయించింది. మనమింకా పొలం గట్ల కోసం కొట్టుకుంటుంటే, వాళ్ళు కవరుకే సర్వే రాళ్ళు పాతారు.

ఒక గాడి, అందులో దూరే గట్టు. నొక్కితే అతుక్కోవాలి, లాగితే ఊడాలి. 1968లో డౌ కెమికల్ జిప్‌లాక్ పేరుతో బజారుకు తెచ్చిన సరుకు సారం ఇంతే. ఆ పాత పేటెంట్లకు ఎప్పుడో కాలం చెల్లింది. అయితేనేం, ఇంకో గాడి, పైన జారే బిళ్ళ చేర్చి కొత్త దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఈ దూకుడు చూస్తే నెల్లూరు జిల్లా ఆస్తులకు భద్రత లేదనిపిస్తోంది. మా టిఫిన్ కొట్ల మాస్టర్ల సాంబారు కవరునే తీసుకోండి. మూతి మెలిపెట్టి, ఎడమ చేత్తో కవరు పట్టుకుని కుడి చేత్తో దారం గిర్రున తిప్పుతాడు, కళ్ళు మాత్రం పెనం మీది దోసె మీదే. ఆ ముడి విప్పినవాడు నాకు తెలిసి లేడు, కొరికినవాళ్ళే. న్యాయభాషలో చెప్పాలంటే ఇందులో మూసే క్లెయిము (అంటే ఇది నా ఆవిష్కరణ అని దరఖాస్తులో చెప్పుకునే హక్కు) ఒక్కటే ఉంది, తెరిచే క్లెయిము లేదు. ఇంత శుద్ధమైన ఆవిష్కరణ డౌ వారి వల్ల కూడా కాలేదు.

బొరుగుల ప్యాకెట్టుకు బట్టల క్లిప్పు పెట్టడం మీద పేటెంటు వస్తుందన్న ఆశ మాకు లేదు. తెలిసిన వస్తువులను పక్కపక్కన పేర్చినంత మాత్రాన ఆవిష్కరణ కాదని మన పేటెంటు చట్టం మూడో సెక్షనే చెబుతోంది. జిప్పు కవరు కడిగి దండేనికి ఆరేసే మా అత్తల విద్య మాత్రం సంప్రదాయ విజ్ఞానం, అదే సెక్షన్ ప్రకారం ఎవరికీ దక్కదు. గాయానికి పసుపు రాయడం మీద 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును 1997లో రద్దు చేయించిన దేశం మనది, గుర్తుంచుకోండి.

రేపు ఎవరైనా సాంబారు ముడికి దరఖాస్తు పెడితే, మంజూరుకు ముందే అభ్యంతరం చెప్పే హక్కు ఎవరికైనా ఉంది. మన ప్రాంతపు పేటెంటు ఆఫీసు చెన్నైలోనే. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి సాక్ష్యంతో సహా దిగుతాం. ఆ ముడిని, పేటెంటు ఇవ్వాలో వద్దో తేల్చే కంట్రోలరు గారు స్వయంగా విప్పగలిగితే అభ్యంతరం వెనక్కి తీసుకుంటాం. కత్తెర, పళ్ళు నిషిద్ధం. తెల్ల చొక్కాతో రావద్దని ముందే మనవి.